కలిపింది తీయలేవు బిడ్డా

ఏ సాస్ కొనాలని అడిగావు కదా బిడ్డా, ముందే చెప్తున్నా: తక్కువ కలిపి అమ్మేదాన్నే కొనుక్కో. ఉప్పు చాలకపోతే నువ్వు వేసుకుంటావు. కారం చాలకపోతే ఎండుమిరపకాయ ఉండనే ఉంది. కానీ సీసాలో వాళ్లు పోసిన చక్కెరను ఏ గరిటెతో బయటికి తీస్తావు? వెయ్యని ఎల్లిగడ్డను వెయ్యొచ్చు, వేసిన ఎల్లిగడ్డ పొడి వాసనను పోగొట్టలేవు. పాస్తా సాస్ బేరంలో నాకు తెలిసిన కిటుకు ఇదొక్కటే. మిగతాదంతా ఆ కిటుకును సీసా మీద ఎట్లా చదువుకోవాలన్నదే.

కోడేరులో కూర్చున్న పెద్దమ్మకు పాస్తా సంగతి ఏం తెలుసని నవ్వుకుంటున్నావేమో. బడిలో పిల్లలకు ఆమ్లాలూ క్షారాలూ చెప్పి రిటైరైనదాన్ని. టమాట పులుపు గురించి నీకంటే నాలుగు మాటలు ఎక్కువే తెలుసు. పైగా మీ అన్న డల్లాస్ నుంచి, నువ్వు కొండాపూర్ నుంచి ఇది బాగుంటదా అది బాగుంటదా అని పంపిన సీసాల బొమ్మలు నా ఫోన్‌లో పెండ్లి ఫొటోలకంటే ఎక్కువైనాయి. చూడక చస్తానా!

అసలు ఈ సాస్ మనకు అంత పరాయిది కూడా కాదు. నేపుల్స్‌లో పెద్దింటివాళ్ల వంటశాల చూసుకునే అంతోనియో లతీని అనే ఆయన 1692, 1694 సంవత్సరాల్లో రెండు సంపుటాలుగా వంటల పుస్తకం అచ్చు వేయించాడు. ఇటలీలో అచ్చుకెక్కిన మొదటి టమాట సాస్ అందులోనిదే అంటారు. ఏం చెయ్యమన్నాడో చూడు. పండిన టమాటలను నిప్పుల మీద కాల్చి, తొక్క తీసి, కత్తితో సన్నగా తరగాలి. దాంట్లో తరిగిన ఉల్లిగడ్డ, మిరపకాయ, వాళ్ల ఊరి వాసనాకు ఒకటి వేసి, ఉప్పు, నూనె, కాస్త వెనిగర్ కలపాలి. అయిపోయింది. మీ అమ్మమ్మ కట్టెల పొయ్యి నిప్పుల్లో టమాటలు దొర్లించి, పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ వేసి రోట్లో నూరిన తొక్కుకూ దీనికీ తేడా ఎంత? వెనిగర్ చోట ఆమె చింతపండు వేసేది, అంతే కదా. టమాటా మిర్చీ రెండూ అమెరికా ఖండం నుంచి ఓడలెక్కి వచ్చినవే, వాళ్లకైనా మనకైనా. లతీని దాన్ని ఉడికించిన మాంసంలో నంజుకోమన్నాడు. పాస్తా మీద టమాట పోసుకోవడం పుస్తకంలోకి రావడానికి ఇంకో వందేండ్లు పట్టింది. ఫ్రాంచెస్కో లియోనార్ది అనే వంటాయన 1790లో రాశాడు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, సీసా మీద ఇటలీ జెండా రంగులు చూసి నువ్వు బెదరొద్దని. టమాట ఉడికితే ఎట్లా ఉంటదో, నూనె ఎప్పుడు తేలుతదో మన ఇంట్లో ఆడపిల్లకు ఒకరు చెప్పాలా?

ఇక సీసా దగ్గరికి పోదాం. ముందువైపు రాసిందంతా అమ్మేవాడి మాట. దాన్ని వదిలెయ్. వెనక్కి తిప్పితే సన్నటి అక్షరాల్లో పదార్థాల పట్టిక ఉంటది. మన దేశపు ఆహార భద్రతా సంస్థ, అదే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, నియమం ప్రకారం ఏది బరువులో ఎక్కువుంటే దాన్ని ముందు రాయాలి, తక్కువున్నది తర్వాత. అందుకని మొదటి మూడు నాలుగు పేర్లు చదివితే సీసా కథ తెలిసిపోతది. మొదటి పేరు టమాట అయితే మంచిది. నీళ్లు, టమాటా పేస్ట్ అని ఉన్నా తప్పేం లేదు. టమాట గుజ్జును బాగా ఇగరబెట్టి పేస్ట్ చేసి, దాంట్లో మళ్లీ నీళ్లు కలిపి సాస్ చేస్తారు. రుచిలో కొంచెం ఎక్కువ ఉడికిన వాసన ఉంటది, పులుపు కాస్త గట్టిగా తగుల్తది. అయినా అది టమాటనే. పేస్ట్ పక్కన బ్రాకెట్లో శాతం వేస్తారు చూడు, రెండు సీసాలు పక్కపక్కన పెట్టి ఆ అంకెలు పోల్చుకో. మూడో పేరు చక్కెర అయిందా, నాలుగోది స్టార్చ్ అయిందా, అప్పుడు ఆ సీసాను అరలోనే ఉండనీ.

అంకెలు చూసి మాత్రం భయపడకు. ఐఎన్ఎస్ 330 అంటే సిట్రిక్ ఆమ్లం, నిమ్మకాయలో ఉన్న పులుపే. టమాట పండును బట్టి దాని పీహెచ్ అటూ ఇటూ అయితది. 4.6 కంటే పైకి పోతే, అంటే పులుపు తగ్గితే, గాలి ఆడని సీసాలో బోట్యులినమ్ అనే ప్రమాదకరమైన సూక్ష్మజీవి పెరగొచ్చు. అది పెరగకుండా పులుపు పెంచుతారు. ఇది నీ మేలుకే. 260 వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం. 211 సోడియం బెంజోయేట్, 202 పొటాషియం సార్బేట్, ఈ రెండూ చెడిపోకుండా ఆపేవి. చట్టం ఒప్పుకున్న మోతాదులోనే వేస్తారు. ఒంటరిగా ఉండి, నెలకు రెండుసార్లే పాస్తా వండుకునేదానివి నువ్వు. నీకు అవి ఉన్న సీసా అక్కరకొచ్చినా నేను కోప్పడను. నాకు కోపం తెప్పించేది 1422. మార్పు చేసిన స్టార్చ్ అది. దానివల్ల హాని ఉందని కాదు. చిక్కదనం టమాటతో రావాలి కదా, దీంతో తెప్పిస్తున్నారంటే టమాట ఎంత వేశారో ఆలోచించు. టమాట ధర ఇచ్చి గంజి కొనుక్కోవడం ఎందుకు?

పోషకాల పట్టికలో ఒక మాయ ఉంది. 'ఒక వడ్డనకు' అని ఒక గడి, '100 గ్రాములకు' అని ఇంకో గడి. కొన్ని సీసాల మీద వడ్డన అంటే చెంచా రెండు చెంచాలే. రొట్టెకు పూసుకునే లెక్క అది. పాస్తాకు మనిషికి అర కప్పు తక్కువ పడదు, ఆకలి మీద ఉంటే ఇంకొంచెం. అందుకని వంద గ్రాముల గడినే చూడు. సీసా మీద వందకు 600 మిల్లీగ్రాముల సోడియం ఉందనుకుందాం. నువ్వు 150 గ్రాముల సాస్ వేసుకుంటే 900 మిల్లీగ్రాములు లోపలికి పోయింది. దాన్ని రెండున్నరతో గుణిస్తే రెండుంపావు గ్రాముల ఉప్పు. రోజుకు సోడియం 2000 మిల్లీగ్రాములు, అంటే ఉప్పు ఐదు గ్రాములు దాటొద్దని లేబుళ్ల లెక్క. ఒక్క రాత్రి ప్లేటులోనే సగానికి దగ్గరైంది. పొద్దున ఆవకాయ తిన్నది దీంట్లో కలపలేదు నేను.

చక్కెరకు రెండు వరసలుంటాయి. మొత్తం చక్కెరలు అని ఒకటి, కలిపిన చక్కెరలు అని ఇంకొకటి. పచ్చి టమాటలోనే వందకు రెండున్నర మూడు గ్రాముల దాకా సొంత తీపి ఉంటది. ఉడికించి చిక్కబెడితే అది ఇంకొంచెం పెరుగుతది. కాబట్టి మొదటి వరసలో నాలుగైదు కనిపిస్తే కంగారు పడకు. రెండో వరస సున్నా ఉందా, ఒకటీ రెండూ ఉందా అన్నది చూసుకో. పాస్తా సాస్ అయిపోయిందని కెచప్ పోసుకుంటారే మీ రూమ్ పిల్లలు, దాంట్లో సుమారు నాలుగో వంతు చక్కెరే. సమోసాకు నంజుకో, వద్దనను. దాంతో రాత్రి అన్నం ముగించొద్దు.

కంపెనీ వాళ్లు చక్కెర ఎందుకు వేస్తారంటే పేస్ట్ పులుపును కప్పడానికి. అదే పని ఇంట్లో ఉల్లిగడ్డ చేస్తది. సన్నగా తరిగి, చిన్న మంట మీద, ఎర్రగా కాకుండా మెత్తగా అయ్యేదాకా వేయించు. దాని తీపి బయటికి వస్తది. అప్పటికీ పులుపు నాలుకకు పట్టుకుంటే చిటికెడులో సగం వంటసోడా వెయ్. బుస్సున పొంగి దిగిపోతది, ఆమ్లం క్షారంతో కలిసిపోయి పులుపు తగ్గుతది. చిటికెడు దాటితే సబ్బు వాసన వస్తది, చెయ్యి అదుపులో పెట్టుకో. చివర్లో చిన్న వెన్న ముక్క వేసినా పులుపు మెత్తబడుతది. మార్చెల్లా హజాన్ అనే ఇటలీ ఆమె అమెరికా వాళ్లకు వంట నేర్పుతూ 1973లో పుస్తకం రాసింది. ఆమె సాస్ పద్ధతుల్లో బాగా పేరొచ్చినది టమాటలు, వెన్న, రెండు ముక్కలుగా కోసిన ఒక ఉల్లిగడ్డ, ఉప్పు. ఎల్లిగడ్డ కూడా లేదు. ముప్పావు గంట ఉడికించి ఉల్లిగడ్డ తీసి పక్కన పెట్టమంటది. నేనైతే పారెయ్యను, తినేస్తాను.

మీ అన్నకు చెప్పింది నీకూ చెప్తా, రేపు నువ్వూ అటు పోతానంటున్నావు. అమెరికాలో ఈ సీసాల బజారు చాలా పాతది. రాగూ అనేది 1937లో రోచెస్టర్ ఊళ్లో కాంటిసానో అనే ఇటలీ దంపతులు ఇంటి నుంచి అమ్మడం మొదలుపెట్టింది. ప్రేగో 1981లో క్యాంప్‌బెల్ కంపెనీ తెచ్చింది. ఆ దశాబ్దంలోనే హోవర్డ్ మాస్కోవిట్జ్ అనే ఆయన రకరకాల సాస్‌లు చేయించి జనానికి రుచి చూపించి, చాలామందికి ముక్కలు ముక్కలుగా ఉండే సాస్ ఇష్టమని తేల్చాడు. అప్పటిదాకా అట్లాంటిది అరల్లో లేదు. ఇప్పుడు ఒక్కో పేరు కింద పదేసి రకాలు కనిపిస్తున్నాయంటే ఆ లెక్కల పుణ్యమే చాలావరకు. ఇక రావ్స్ సంగతి. న్యూయార్క్ ఈస్ట్ హార్లెమ్‌లో 1896లో పెట్టిన చిన్న హోటల్ అది, సాస్ సీసాలు మాత్రం 1992లో మొదలైనాయి. పేరు చూసి మన రావుగారి హోటలేనా అని అడిగాడు మీ పెదనాన్న! రావ్స్ వాళ్ల మరినారా అనే సాదా టమాట సాస్‌లో టమాటలు, ఆలివ్ నూనె, ఉల్లిగడ్డ, ఉప్పు, ఎల్లిగడ్డ, తులసి జాతి ఆకు, మిరియాలు, ఒరెగానో. చక్కెర కలపరు. ప్రేగో సాదా రకంలో పేస్ట్, చక్కెర, కనోలా నూనె ఉంటాయి. ధరలో రెండు మూడు రెట్ల తేడా. తమాషా ఏందంటే 2024 మార్చిలో ఆ క్యాంప్‌బెల్ కంపెనీయే 270 కోట్ల డాలర్లు పోసి రావ్స్ అమ్మే సంస్థను కూడా కొనేసింది. పేదోడి సీసా, ఉన్నోడి సీసా ఒకే ఇంటివిప్పుడు.

అంత ధర పెట్టి కొనమంటావా అని మీ అన్న అడిగాడు. ఒద్దన్నాను. చదువుకునే పిల్లాడు. పక్క అరలోనే ఉప్పు, టమాట తప్ప ఇంకేమీ లేని డబ్బాలుంటాయి, తొక్క తీసిన టమాటలవి. సీసాకంటే చవక. చేత్తో చిదిమి, నూనెలో ఎల్లిగడ్డ వేయించి దాంట్లో పోస్తే పావుగంటలో రావ్స్‌కు దగ్గరికి వస్తది. ఏమీ కలపకుండా అమ్మేదే అన్నిటికంటే మంచి సాస్ అన్నమాట. హైదరాబాద్‌లో ఆ డబ్బాలు దిగుమతి సరుకు, ధర ఎక్కువ. నీకు ఆ అవసరం లేదు. బెంగళూరు టమాట అని అమ్ముతారు చూడు, కోలగా, కండ ఎక్కువ, గింజ తక్కువ, అది సాస్‌కు బాగుంటది. మన నాటు టమాట పచ్చిపులుపు, నీళ్లెక్కువ. చారుకు, పప్పుకు దాన్ని మించింది లేదు గానీ సాస్ చిక్కబడాలంటే గంటసేపు నిలబడాల్సి వస్తది.

ధర సంగతి కూడా చూసుకో. 2023 జులైలో టమాట కిలో వంద దాటి, కొన్నిచోట్ల నూట యాభై కూడా దాటింది. అట్లాంటప్పుడు సీసా కొనుక్కోవడమే తెలివి, పేస్ట్ ఎప్పుడో చవకగా ఉన్నప్పటి టమాటతో చేసింది కాబట్టి. మదనపల్లె మార్కెట్లో ధర పడిపోయి రైతులు రోడ్డు మీద పారబోసే రోజులూ వస్తాయి. మన దిక్కు కూడా అంతే, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లొచ్చాక కూరగాయలు వేసినోళ్లు ఉన్నారు, ధర పలకక తల పట్టుకున్నోళ్లూ ఉన్నారు. ఆ రోజుల్లో రెండు కిలోలు తెచ్చి వండి పెట్టుకో. ఏడాదంతా సీసానే, లేదంటే ఏడాదంతా ఇంట్లోనే అని మొండికెయ్యకు.

ఆల్‌ఫ్రెడో అని అమ్మే తెల్ల సాస్ గురించి అడగలేదు నువ్వు, అయినా చెప్తా: కొనకు. రోమ్‌లో ఆల్‌ఫ్రెడో ది లేలియో చేసినదాంట్లో వెన్న, పార్మెజాన్ చీజ్ తప్ప ఏమీ లేదు, సీసాలోదానికీ దానికీ సంబంధం తక్కువ. వెన్నలో చెంచా పిండి వేయించి పాలు పోసి కలుపుకుంటే ఐదు నిమిషాల పని. ఇంకొకటి, మీ అమ్మ శనివారాలు నీచు ముట్టదు. అసలు పార్మెజాన్ చీజ్ దూడ కడుపులోంచి తీసిన, పాలు విరగ్గొట్టే రెన్నెట్‌తో చేస్తారు. ఇక్కడ పచ్చ చుక్క ఉందో లేదో చూసి కొనొచ్చు. అమెరికాలో ఆ చుక్క ఉండదు, మీ అన్న అడిగి తెలుసుకోవాల్సిందే.

ఇప్పుడు రాత్రి తొమ్మిదింటికి ఆఫీసు నుంచి వచ్చావనుకో. పాస్తా పొట్లం మీద డ్యూరమ్ గోధుమ రవ్వ అని ఉందా చూడు. మైదాదైతే జావ అయిపోతది. మన హైదరాబాద్ బాంబినో వాళ్లు సేమియాతో పాటు పాస్తా కూడా చేస్తారు, అన్నీ ఇటలీ నుంచే రానక్కరలేదు. మనిషికి వంద గ్రాములు, దానికి లీటరు నీళ్లు. నీళ్లు తెర్లినాక ఉప్పు వెయ్. కాకపోతే నీ సీసాలో ఉప్పు ఎక్కువుంటే ఈ నీళ్లలో తగ్గించు. పొట్లం మీద రాసినదానికంటే నిమిషం ముందే దించి, ఒక గరిటెడు ఉడికిన నీళ్లు పక్కన పెట్టుకో. ఆ గంజి నీళ్లే సాస్‌ను పాస్తాకు అంటుకునేలా చేస్తాయి. అన్నం గంజి వార్చే ఇంట్లో పుట్టావు, ఇంతకంటే చెప్పను.

పాస్తా ఉడికేలోపు ఇంకో పొయ్యి మీద కడాయి పెట్టు. రెండు చెంచాల నూనె. ఆలివ్ ఉంటే సరే, పల్లీ నూనైనా ఏం కాదు. చిదిమిన ఎల్లిగడ్డ, తుంచిన ఎండుమిరపకాయ వేసి, ఎల్లిగడ్డ రంగు మారకముందే సీసాలోని సాస్ పొయ్యి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, వేడి చేసి దించేస్తారు. సీసాలోది వండిందే గదా అనుకోవద్దు. నూనె అంచుల్లో తేలేదాకా ఐదారు నిమిషాలు ఉడకనీ. సీసా వాసన పోయి ఇంటి వాసన వచ్చేది అప్పుడే. పలచగా ఉందనిపిస్తే వేయించిన పల్లీల పొడి ఒక చెంచా వెయ్. ఇది ఇటలీ వాళ్లకు చెప్పకు, వాళ్లు ఒప్పుకోరు. చిక్కదనం వస్తది, కమ్మదనం వస్తది, స్టార్చ్ కొనుక్కున్న బాధ ఉండదు. గరం మసాలా మాత్రం వెయ్యకు, టమాట రుచి చచ్చిపోతది. గుప్పెడు పాలకూర, లేకపోతే పొద్దున నానబెట్టి ఉడికించిన శనగలు, లేదా రెండు ఉడికిన గుడ్లు. వీటిలో ఒకటన్నా పడకపోతే అది పిండీ పులుపూ తప్ప భోజనం కాదు. పాస్తా వేసి, గంజి నీళ్లు పోసి, పెద్ద మంట మీద నిమిషం కలియబెట్టు.

సీసా కొనేటప్పుడు మూత మధ్యలో నొక్కి చూడు. టక్‌టక్‌మని ఆడితే అప్పటికే గాలి చొరబడింది, తీసుకోకు. తెరిచాక తడి చెంచా పెట్టకు, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టు. నిలువ చేసే మందు లేని రకమైతే వారంలోపు అయిపోవాలి, ఉన్నదైతే లేబుల్ మీద రాసినన్ని రోజులు. మూత దగ్గర బూజు కనిపిస్తే పైపైన తీసేసి వాడుకుందామనుకోకు, కిందికి దిగి ఉంటది, పారెయ్. ఒక్కదానివే కాబట్టి సీసా తెరిచిన రోజే సగం ఐస్ ట్రేలో పోసి గడ్డ కట్టించు. రెండు మూడు గడ్డలు తీస్తే ఒక పూటకు సరిపోతది. కొల్లాపూర్ మామిడిపండ్ల కాలంలో మీ అమ్మ వచ్చి నీ దగ్గర ఉంటదట కదా. ఆమెకు పాస్తా పెట్టాలని చూడకు, ఆమె తినదు, నువ్వు చిన్నబుచ్చుకుంటావు. ఆ గడ్డలే కడాయిలో వేసి, ఇంకో రెండు మిరపకాయలు, కొత్తిమీర వేసి దగ్గరగా ఇగరబెట్టి జొన్నరొట్టె పక్కన పెట్టు. టమాట తొక్కు అని చెప్పు. సీసా మాత్రం చెత్తబుట్టలో కనబడనియ్యకు.